శరణు శరణార్థి

వీరశైవ కుటుంబములలో ఇద్దరు భక్తులు ఎదురుపడినప్పుడు ఒకరు "శరణు" అందురు. రెండవవారు "శరణార్థి" అని బదులిత్తురు. చేతులు జోడింపబడును, శిరస్సులు వంగును, పలుకరింపు ముగియును. దినమునకు పదిమార్లు నాలుకపై ఆడు ఈ మాట అర్థమును నిలచి విచారించువారు అరుదు. శరణార్థి యనగా శరణు కోరువాడు. వార్తాపత్రికలలో ఇదే పదము మరియొక తావున కనిపించుచుండును. యుద్ధమునకు ఇల్లు కూలిపోగా, మూట నెత్తిన పెట్టుకొని, పిల్లవాని చేయి పట్టుకొని సరిహద్దు దాటువాడును శరణార్థియే. మఠపు గడపలో పలుకబడు శరణార్థికిని, సరిహద్దు కంచె వద్ద నిలచిన శరణార్థికిని గల సంబంధమేమి? ఇది నిఘంటువుతో తీరు సందేహము కాదు, ఆచరణతో తీరవలసినది.

ఈ సంబంధము శరణుల చరిత్రలోనే కలదు. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుల చుట్టును చేరిన శరణులు కులభేదమును త్రోసిపుచ్చి, కాయకమును, దాసోహమును రెండు కన్నులుగా చేసికొని జీవించిరి. హరళయ్యగారి కుమారునికిని, మధువరసుగారి కుమార్తెకును జరిగిన వివాహమును రాజ్యము సహింపలేదు. ఆ తండ్రులు ఇరువురును ఘోరశిక్షకు గురియైరని, అనంతరము 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెనని, కల్యాణము రణరంగమయ్యెనని సంప్రదాయము చెప్పుచున్నది. అప్పుడు శరణులు ఇండ్లు విడిచి అడవిదారి పట్టిరి. బసవేశ్వరుల సోదరి అక్క నాగమ్మగారు, ఆమె కుమారుడును యువకుడును అగు చెన్నబసవేశ్వరులు ఆ సమూహములో ఉండిరి. వెంటాడిన సైన్యమును మడివాళ మాచిదేవులు అడ్డగించిరని, వచనముల తాళపత్రపు కట్టలను శరణులు మోసికొనిపోయిరని, తుదకు ఉళవి చేరిరని పెద్దలు చెప్పుదురు. నేటి ఉత్తర కన్నడ జిల్లాలోని ఉళవిలో చెన్నబసవేశ్వరుల సమాధి భక్తులకు దర్శనీయము.

ఉళవి యాత్రకు పోవు కుటుంబములు ఆ దారి ఎట్టిదో ఒక్కసారి తలపోయవలయును. దారిలోని పల్లెలలో ఎవరో ఒకరు ఆ తల్లికిని బిడ్డకును కడివెడు నీళ్ళు ఇచ్చియుందురు. ఎవరో ఒకరు ఒక రాత్రికి పశువుల కొట్టమున చోటు చూపియుందురు. వారి పేర్లు ఏ పురాణమునకును ఎక్కలేదు. ఐనను వారి కడివెడు నీళ్ళు లేకున్నచో ఉళవి లేదు, వచనములు లేవు. యుద్ధభూమిలో చిక్కిన ఒక యువకుని, అతని కుటుంబమును బ్రదికించుట ఎంతటి కార్యమో వీరశైవ సమాజము ఇతరుల వద్ద నేర్వనక్కరలేదు. ఆ సమాజము అట్లు బ్రదికింపబడినదే.

ఇట్టి కార్యము సమీపకాలమున, దూరదేశమున, వేరు మతముల వారి చేత నెరవేరిన విధమును తెలిసికొనుట భక్తులకు మేలు చేయును. ఐరోపా ఖండములో బోస్నియా హెర్జెగోవినా దేశపు రాజధాని సరాయెవో. చుట్టును కొండలు, నడుమ లోయ, ఆ లోయలో నగరము. ముస్లిములు, ఆర్థొడాక్సు క్రైస్తవులగు సెర్బులు, కాథలిక్కులగు క్రొయేషియనులు, యూదులు అక్కడ తరతరములుగా ఇరుగుపొరుగులై జీవించిరి. 1992 ఏప్రిల్ మాసమున బోస్నియా సెర్బు సైన్యము కొండలను ఆక్రమించి నగరమును ముట్టడించెను. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి 29వ తేదీ వరకు, 1,425 దినములు సాగెను. 1993 జులై 22వ తేదీన ఒక్క దినముననే 3,777 ఫిరంగి గుండ్లు నగరముపై పడెనని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘము లెక్కించెను. 1992 మే 27వ తేదీన రొట్టె కొరకు వరుసలో నిలచిన జనముపై గుండ్లు పడి ఇరువదిమందికి పైగా మరణించిరి. కొండలపై పొంచియున్న తుపాకివాండ్రు వీధి దాటు పసివారిని సైతము విడువలేదు.

అట్టి నగరములో ఒక కుటుంబము దినమును ఎట్లు గడపవలయును? కొళాయిలలో నీరు లేదు, దీపము లేదు, చలికాలమున మంచు గడ్డకట్టునప్పుడు వంటచెరకు లేదు. నగరపు పాత బీరు కర్మాగారము క్రింద ఒక ఊట ఉండెను. జనము డబ్బాలు పట్టుకొని అచ్చట వరుస కట్టిరి. బాలురు చిన్న బండ్లపై నీటిడబ్బాలను ఈడ్చిరి. ఉద్యానములలోని చెట్లు పొయ్యి పాలయ్యెను. పిదప కుర్చీలు, పాత చెప్పులు, పుస్తకములు కూడ పొయ్యి పాలయ్యెను. రేకుడబ్బాలతో పొయ్యిలు చేసికొనిరి. సైకిలు డైనమోను త్రిప్పి రేడియో వినిరి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున 1992 జులై నుండి 1996 జనవరి వరకు విమానములు సుమారు 1,60,000 టన్నుల ఆహారమును, ఔషధములను తెచ్చిపెట్టెను. 1993లో నగరవాసులు విమానాశ్రయపు నేల క్రింద సుమారు 800 మీటర్ల సొరంగమును చేతి పనిముట్లతో త్రవ్విరి. దాని ఎత్తు నిలువు మనిషి కంటె తక్కువ. వీపున గోనెలు మోయుచు, వంగి నడచుచు, మోకాటిలోతు నీటిలో జనము రాకపోకలు సాగించిరి. సొరంగపు ఒక కొస ఒక గృహస్థుని ఇంటి క్రిందికి తెరచుకొనెను. అలసి వెలికి వచ్చినవారికి ఆ యింటి వృద్ధురాలు గ్లాసు నీళ్ళు అందించుచుండెను. సైన్యములు, ఒప్పందములు, రాయబారులు గల ఆ చరిత్రలో ఈ గ్లాసు నీళ్ళకును స్థానము లభించినది.

ఈ నగరమునకు సంబంధించిన ఒక కుటుంబ కథ మరింత ఆలోచింపదగినది. 1941లో జర్మను విమానములు సరాయెవోపై బాంబులు వేయగా యోసెఫ్ కబిల్యో అను యూదుని ఇల్లు కూలిపోయెను. మిత్రుడగు ముస్తఫా హర్దగా అను ముస్లిము వర్తకుడు అతనిని, అతని భార్యాబిడ్డలను తన యింటికి తోడ్కొనిపోయెను. ముస్తఫా భార్య జెయ్నెబా మొదలగు ఆ యింటి స్త్రీలు పరదా పాటించువారు. ఐనను వచ్చినవానిని సొంత సోదరునిగా ఎంచి, అతని యెదుట ముసుగు తీసి, ఇంటివారివలె మెలగిరి. జర్మను రహస్య పోలీసుల కార్యాలయము ఆ యింటికి సమీపముననే ఉండెను. యూదులకు ఆశ్రయమిచ్చువారికి మరణదండనయని గోడలపై ప్రకటనలు అంటించిరి. పిదప కబిల్యో పట్టుబడి, సంకెళ్ళతో మంచు తవ్వు పనిలో ఉండగా జెయ్నెబా చూచి అన్నము చేరవేసెను. అతడు తప్పించుకొని మరల ఆ గడపనే తొక్కగా మరల దాచిరి. ఆ కుటుంబము ప్రాణములతో బయటపడెను. యుద్ధము ముగిసిన పిమ్మట తిరిగి వచ్చినప్పుడు, దాచమని ఇచ్చిన నగలను హర్దగాలు ఒక్కటియు తగ్గకుండ అప్పగించిరి. కాని పరోపకారమునకు మూల్యము లేకపోలేదు. జెయ్నెబా తండ్రి వేరొక యూదు కుటుంబమునకు సాయపడినందుకు పట్టుబడి యాసెనొవాత్స్ నిర్బంధ శిబిరమున ప్రాణములు కోల్పోయెను.

ఏబది ఏండ్లు గడచెను. కబిల్యోలు ఇజ్రాయెలునకు వలసపోయిరి. వారి వినతిపై 1984లో యెరూషలేములోని యాద్ వాషేం స్మారక సంస్థ హర్దగా కుటుంబమును సజ్జనులుగా గౌరవించెను. పిమ్మట 1992 వచ్చెను. ఇప్పుడు ముట్టడిలో చిక్కినది జెయ్నెబా. ఆమె వృద్ధురాలు, వితంతువు. కుమార్తె, అల్లుడు, బాలికయగు మనుమరాలు ఆమెతో ఉండిరి. ఈ సంగతి దూరదేశమున ఉన్న కబిల్యో కుటుంబమునకు తెలిసినది. వారు ఊరకుండలేదు; అధికారులను అర్థించిరి, వినతులు పెట్టిరి. 1994 ఆరంభమున జెయ్నెబాయు, ఆమె కుటుంబమును సరాయెవో నుండి వెడలి యెరూషలేము చేరిరి. నాడు ముసుగు తీసి ఇంటివానిగా స్వీకరించిన స్త్రీని నేడు ఆ యింటివారు తమ తల్లివలె ఎదుర్కొనిరి. ఆమె అదే సంవత్సరమున యెరూషలేములో కన్నుమూసెను.

ఈ కథ విని "చేసిన మేలు ఎన్నడో తిరిగి వచ్చును" అని మాత్రము గ్రహించుట చాలదు. తిరిగి వచ్చునన్న తలంపుతో చేసినది వ్యాపారమగును, దాసోహము కాదు. 1941లో తలుపు తీసిన వేళ ఆ దంపతుల కన్నులయెదుట ఉన్నది మరణదండన ప్రకటన మాత్రమే. ఏబది ఏండ్ల తరువాతి బస్సు వారికి కనిపించలేదు. జెయ్నెబా తండ్రికి ఏ బస్సును రానేలేదు. ఐనను ఆయన చేసినది తక్కువ కాదు. ఇచ్చువాడు తన పేరును "దాసుడను" అను మాటలో కరగించుటయే దాసోహ శబ్దమునకు ప్రాణము. ఫలమును చూచి కొలుచు లెక్క దానికి వర్తింపదు.

ఆ ముట్టడి కాలముననే సరాయెవోలోని యూదు సమాజము మరియొక పాఠమును చూపెను. వారి పూర్వులు స్పెయిను దేశము నుండి 1492లో వెడలగొట్టబడి, 16వ శతాబ్దిలో ఆ నగరమునకు చేరిన శరణార్థులు. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు పదివేలకు పైగా ఉండిన వారిలో అత్యధికులు ఆ యుద్ధమున నశించిరి. 1992 నాటికి మిగిలినవారు స్వల్పసంఖ్యాకులు. 1892లో స్థాపింపబడిన వారి ధర్మసంస్థ లా బెనెవొలెన్సియా ముట్టడి వేళ ప్రార్థనామందిర భవనమున వంటశాల తెరచెను. మందుల చీటి తెచ్చినవారికి ఉచితముగా ఔషధములు ఇచ్చెను. రేడియో ద్వారా విడిపోయిన కుటుంబములకు క్షేమవార్తలు చేరవేసెను. బస్సులు సమకూర్చి రెండువేలకు పైగా జనమును నగరము దాటించెను. వారిలో యూదులు కానివారు అనేకులు. ఆ వంటశాలలో, ఔషధశాలలో పనిచేసినవారు నాలుగు మతములవారు. పంక్తిలో కూర్చున్నవారిని మతమేదని అడుగలేదు. ముస్లిముల మెర్హామెత్, కాథలిక్కుల కారితాస్, సెర్బుల దొబ్రోత్వోర్ అను సంస్థలును తమ తమ శక్తికొలది సేవ సలిపెను. పంక్తిభేదము లేని అన్నమును గూర్చి కల్యాణమున జరిగిన బోధ ఆ నగరమువారు విని ఉండరు. బోధ విననివారు ఆచరించినప్పుడు, విన్నవారి బాధ్యత ఇంకను పెరుగును.

ఈ చరిత్ర నుండి యుద్ధపీడిత కుటుంబమునకు సాయపడు విధానము నాలుగు అంగములుగా తేటపడుచున్నది.

మొదటిది అన్నోదకములు, ఔషధము. ఒక్క దినపు విందు కంటె ప్రతిదినపు పిడికెడు మేలు. సరాయెవో వంటశాల గొప్పతనము అది ఒకనాడు వేలమందికి పెట్టినదని కాదు. ఏండ్ల తరబడి పొయ్యి ఆరనీయలేదని. విపత్తు వార్త వచ్చిన వారమున సొమ్ము కుప్పలుగా వచ్చి, నాలుగవ మాసమున ఆగిపోవుట దాతల లోకమున నిత్యము కనిపించు దోషము. ఆకలి నాలుగవ మాసమున ఆగదు.

రెండవది కుటుంబమును ఒక్కటిగా కాపాడుట. సరాయెవో నుండి ఒంటరిగా పంపబడిన పిల్లలలో కొందరు ఏండ్ల తరబడి తల్లిదండ్రులకు దూరమైరి. 1992 ఆగస్టు 1వ తేదీన అనాథ శిశువులను తరలించు బస్సుపై కాల్పులు జరిగి ఇద్దరు పసిబిడ్డలు మరణించిరి. బిడ్డను కాపాడుటకు మొదటి కోట తల్లి ఒడి. ఆ ఒడి నిలుచుటకు తండ్రి, తాత, అవ్వ అందరును నిలువవలయును. విడిపోయినవారికి ఒక్క క్షేమవార్త చేర్చుటయు అన్నదానమునకు తక్కువది కాదు. రెడ్‌క్రాసు సంస్థ ఆ యుద్ధమున కుటుంబ వార్తల చీటీలను చేతులమీదుగా చేరవేసి ఎందరి ప్రాణములనో నిలిపెను.

మూడవది విద్య. ముట్టడి కాలమున సరాయెవో ఉపాధ్యాయులు నేలమాళిగలలోను, మేడల మెట్లక్రింది చోట్లలోను పాఠశాలలు నడిపిరి. బాంబుల మ్రోతలో గుణకారము చెప్పుట వెర్రితనముగా తోచవచ్చును. కాని పదునైదేండ్ల బాలునికి రేపు కలదన్న నమ్మకమును కలిగించునది ఆ గుణకారమే. పుస్తకము దక్కని యువకుని చేతికి తుపాకి సులభముగా దక్కును. శరణులు అడవిదారిలో ధాన్యపు మూటలతోపాటు వచనముల కట్టలను మోసిరనుటలోని మర్మమిదియే.

నాలుగవది కాయకము. శరణార్థి చేతులు బిచ్చము కొరకే చాపబడి ఉండవలయునని దాత కోరరాదు. వడ్రంగికి రంపము, దర్జీకి కుట్టు మిషను, విద్యార్థికి చదువు, వైద్యునికి రోగిని చూచు అనుమతి లభించిన నాడు ఆ కుటుంబము దానమును దాటి తానే దాసోహము చేయు స్థితికి వచ్చును. అంతవరకు ఇచ్చువాడు పుచ్చుకొనువాని మానమును కాపాడవలయును. ఆకలిగొన్నవాని చేతిలో పొట్లముంచి చిత్రము తీయించుకొనుట, ఆ చిత్రమును పదిమందికి చూపుట దాసోహమున చెల్లదు.

"దూరదేశపు యుద్ధము తెలుగు ఇంటికేల? ఊరిలో బీదలు లేరా?" అని కొందరు అడుగుదురు. ఊరి బీదకు పెట్టువాడు ఈ ప్రశ్న అడుగుట అరుదు. ఎవరికిని పెట్టనివాడే తరచుగా అడుగును. అదియునుగాక, దూరమన్నది ఒక్క రాత్రిలో చెరిగిపోవును. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినుపై యుద్ధము విరుచుకొనిపడినప్పుడు అచ్చట వైద్యవిద్య అభ్యసించుచున్న వేలాది భారతీయ విద్యార్థులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బిడ్డలును ఉండిరి. ఖార్కివ్, సూమీ నగరములలో వారు నేలమాళిగలలోను, భూగర్భ రైలుస్టేషనులలోను తలదాచుకొనిరి. ఇచ్చట తల్లులు రాత్రులు మేలుకొని ఫోను చేతిలో పట్టుకొని కూర్చుండిరి. భారత ప్రభుత్వము ఆపరేషన్ గంగా పేర 90 విమానములలో 18,000కు పైగా ప్రజలను తెచ్చెను. సరిహద్దుల కావల పోలెండు, రుమేనియా, హంగరీ దేశముల సామాన్యజనము వారికి దుప్పట్లు, వేడి ఆహారము ఇచ్చిరి. ఆ జనము తెలుగు ఎరుగరు, విభూతి ఎరుగరు. ఆ రొట్టెముక్క ఋణమును ఎవరికి తీర్చవలయును? ఇచ్చినవారు మరల కనబడరు. తలుపు తట్టిన మరియొక శరణార్థికి తీర్చుటయే మార్గము.

మరియొక సందేహము కలదు. యుద్ధమున ఇరుపక్షములయందును తప్పులుండును; సాయము ఏ పక్షమునకు చేరునో ఎట్లు తెలియును? న్యాయాన్యాయములను విచారించుట విడువరానిది. హంతకుని హంతకుడనియే పిలువవలయును. సరాయెవోను ముట్టడించిన సేనాధిపతులను అంతర్జాతీయ న్యాయస్థానము విచారించి శిక్షించెను. కాని నీటిడబ్బా ఈడ్చు బాలుడు ఏ పక్షపు సేనాధిపతియు కాడు. అతని దాహము తీర్చుటకు తీర్పు వెలువడువరకు ఆగనక్కరలేదు. సొమ్ము దారితప్పకుండుటకు నమ్మదగిన సేవాసంస్థను ఎన్నుకొనుట, లెక్కలు అడుగుట దాత విధి. అనుమానము పేర చేయి ముడుచుకొనుట మాత్రము విధి కానేరదు. దయయే ధర్మమునకు వేరని బసవేశ్వరులు బోధించిరి. వేరునకు ఈ పొలము, ఆ పొలము అను గట్లు లేవు.

2024 సంవత్సరాంతమునకు ప్రపంచమున యుద్ధము, హింస, పీడనల చేత ఇండ్లు వీడినవారు 12 కోట్ల 32 లక్షలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ప్రకటించెను. వారిలో నూటికి సుమారు నలుబదిమంది పిల్లలు. ఇంత పెద్ద సంఖ్య హృదయమును కదిలింపక మొద్దుబార్చును. కావున సంఖ్యను విడిచి ఒక కుటుంబమును తలచుట మేలు. కోట్లను కాపాడుట ఏ గృహస్థునకును సాధ్యము కాదు. ఒక యువకుని చదువునకు, ఒక తల్లి మందులకు, ఒక ఇంటి దినపు పిండికి నెలనెల కొంత తీసి ఉంచుట అనేక గృహములకు సాధ్యము. మఠములయందు నిత్యదాసోహము జరుగుచున్నది. ఆ పొయ్యి ప్రక్కన శరణార్థి పేర ఒక హుండీ ఉంచినచో అది క్రొత్త ఆచారము కానేరదు, ఉళవి దారిలోని పాత ఆచారమే అగును. ఇంటిలోని పిల్లలకు ఆ హుండీని అప్పగించినచో మరియు మంచిది. ఇతరుల బిడ్డ ఆకలిని గుర్తించి పెరిగిన బిడ్డ యుద్ధమును కోరడు.

2012 ఏప్రిల్ 6వ తేదీన, ముట్టడి మొదలై ఇరువది సంవత్సరములు నిండిన సందర్భమున, సరాయెవో ప్రధానవీధిలో 11,541 ఎర్రని కుర్చీలను వరుసలుగా వేసిరి. మరణించిన ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ. అన్నియు ఖాళీ. వాటిలో వందలకొలది చిన్న కుర్చీలు, అవి పిల్లలవి. దారిన పోవువారు ఆ చిన్న కుర్చీలపై పూలు, బొమ్మలు, పుస్తకములు ఉంచి పోయిరి. పోయినవారికి బొమ్మలతో పనిలేదు. బ్రదికియున్నవారికి నీళ్ళతో, మందుతో, పుస్తకముతో నేడే పని కలదు. చేయవలసినది కుర్చీ ఖాళీ కాకముందే చేయవలయును.

శరణు అన్నవానికి శరణార్థి అని బదులిచ్చు భక్తుడు తానును శరణు కోరువాడనేనని ఒప్పుకొనుచున్నాడు. దేవుని వాకిట తాను ఎట్లు నిలచియున్నాడో, తన వాకిట ఆ కుటుంబము అట్లే నిలచియున్నది. లోపలివాడు తలుపు తీయునని నమ్మినవాడు తన తలుపు మూసికొనుట తగదు.

శరణు శరణార్థి.